గట్టు మీద వావిలి, పాదు మీద కాయ



మీ పెరట్లో గుమ్మడి పాదు ఉందా? దోసపాదు ఉందా? పూలు బాగా పూస్తున్నాయా? పిందెలు నిలుస్తున్నాయా, రాలిపోతున్నాయా?

ఇది ఒక అత్త, ఒక కోడలు కథ. ఒక పొద కథ కూడా. ముందు కథ చదవండి. తరవాత మనం చేయాల్సిన పని చూద్దాం.

1. పిందెలు రాలిన పాదు

ఆ అత్తాకోడళ్ల ఇల్లు కాలువ పక్కన. ఇంటి వెనక పది సెంట్ల దొడ్డి. దొడ్డిలో గుమ్మడి, దోస, కాకర పాదులు. కాయలు కోసి అత్త వారం వారం సంతకు తీసుకుపోతుంది. ఇంట్లో ఉప్పుకూ పప్పుకూ ఆ డబ్బే. మనవరాలి బడి పుస్తకాలకూ ఆ డబ్బే.

దొడ్డి చివర పల్లం. కాలువ నీళ్లు ఊటగా వచ్చి అక్కడి నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. వానాకాలం అడుగు వేస్తే కాలు దిగబడుతుంది. అక్కడ ఏ కూరా పండదు. ఒకప్పుడు ఆ పల్లం గట్టు నిండా పొదలు ఉండేవి. రెండేళ్ల కింద కొడుకు వాటిని కొట్టించాడు. "పాములు చేరుతున్నాయి" అన్నాడు. నరికిన కంపకు నిప్పు పెట్టారు. పొదలో చిన్న తేనెపట్టు ఉండేది. అదీ పొగకు పోయింది.

ఆ తరవాత రెండేళ్లూ పాదులు పచ్చగానే ఉన్నాయి. పూలూ పూశాయి. కానీ కాయలు లేవు. పిందె గోలీకాయంత అయ్యేది. పసుపు రంగుకు తిరిగేది. రాలిపోయేది. ఉన్న ఒకటీ రెండూ కాయలు కూడా వంకర పోయేవి.

"ఎవరి దిష్టి తగిలిందో" అంది అత్త. పాదుకు చింపిరి చేట కట్టింది. ఎరువు వేసింది. అయినా పిందె నిలవలేదు. ఆ ఏడు బడి పుస్తకాలకు అప్పు చేయాల్సి వచ్చింది.

ఒక రోజు ఊళ్లో పురుళ్లు పోసే అవ్వ వాళ్ల ఇంటికి వచ్చింది.

"ఏమే, మీ గట్టు మీద వావిలాకు కాస్త కోసుకుంటాను. వీధి చివరింట్లో బాలింత ఉంది. నీళ్లలో వేసి కాచాలి" అంది.

"ఇంకెక్కడి వావిలి పెద్దమ్మా! అంతా కొట్టించేశాడు మీ మనవడు" అంది అత్త.

అవ్వ గట్టు చూసి నిట్టూర్చింది. "పూత మీద ఉన్నప్పుడు ఆ పొద దగ్గర నిలబడితే ఈగల రొద తప్ప ఇంకో మాట వినపడేది కాదు. ఇప్పుడు చూడు, ఎంత చప్పుడు లేకుండా ఉందో!" అంది.

ఆ మాట కోడలి మనసులో పడింది. కోడలు రాత్రిపూట చదువుల కేంద్రానికి పోతుంది. ఈ మధ్యనే చదవడం, రాయడం వచ్చింది. మర్నాడు తెల్లవారగానే పలక, బలపం తీసుకుంది. గుమ్మడి పాదు దగ్గర కూర్చుంది.

"పొద్దున్నే పాదు ముందు ఈ చదువేమిటే?" అని అడిగింది అత్త.

"పువ్వు మీద తేనెటీగ వాలినప్పుడల్లా ఒక గీత గీస్తాను అత్తా" అంది కోడలు.

ఎండ ఎక్కింది. పువ్వు ముడుచుకుంది. పలక మీద ఒక్క గీతా లేదు.

2. పువ్వు కాయ ఎట్లా అవుతుంది?

గుమ్మడి పాదుకు రెండు రకాల పూలు పూస్తాయి. ఒకటి మగ పువ్వు, ఇంకొకటి ఆడ పువ్వు.

మగ పువ్వుకు సన్నని పొడుగు కాడ ఉంటుంది. పువ్వు నడుమ పసుపు పొడి ఉంటుంది. దాన్ని పుప్పొడి అంటారు. మగ పువ్వు కాయ కాయదు. అందుకే కొందరు దాన్ని గొడ్డు పువ్వు అంటారు. అది తప్పు మాట. అది లేకపోతే కాయే లేదు.

ఆడ పువ్వుకు పొట్టి కాడ ఉంటుంది. పువ్వు కిందనే బుల్లి పిందె ఉంటుంది.

మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వు మీద పడాలి. అప్పుడే పిందె నిలుస్తుంది, కాయ అవుతుంది. పుప్పొడి పడకపోతే పిందె పండుబారి రాలిపోతుంది. చాలీచాలకుండా పడితే కాయ వంకర పోతుంది. దోసకూ, కాకరకూ ఇదే పద్ధతి.

ఈ పుప్పొడిని ఎవరు మోస్తారు? గాలి మోయలేదు. గుమ్మడి పుప్పొడి జిగురుగా, బరువుగా ఉంటుంది. తేనెటీగ మోస్తుంది. తేనె కోసం మగ పువ్వులో దూరుతుంది. దాని ఒంటి నూగుకు పుప్పొడి అంటుకుంటుంది. అదే ఈగ ఆడ పువ్వు మీద వాలుతుంది. పుప్పొడి అక్కడ అంటుతుంది. ఈగ తన తిండి కోసం తిరుగుతుంది. మనకు కాయ నిలుస్తుంది.

గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుతుంది. ఎండ ఎక్కేసరికి ముడుచుకుంటుంది. ఆ కాసేపట్లోనే ఈగ రావాలి. మర్నాటికి ఆ పువ్వు ఉండదు.

ఒక్క మాట. పిందె రాలడానికి వేరే కారణాలూ ఉన్నాయి. నీరు చాలకపోయినా, ఎండ మరీ ఎక్కువైనా రాలుతుంది. పండు ఈగ పిందెలో గుడ్లు పెడితే కుళ్లి రాలుతుంది. రాలిన పిందెను కోసి చూడండి. లోపల పురుగు ఉంటే అది పండు ఈగ పని. అలాంటి పిందెలు ఏరి లోతుగా పూడ్చాలి. పురుగు లేకుండా, నీరు బాగా ఉండి కూడా పిందెలు రాలుతుంటే, పొద్దున్నే పువ్వు దగ్గర కూర్చోండి. ఈగలు వస్తున్నాయో లేదో లెక్కపెట్టండి.

3. ఈగకు ఏడాది పొడుగునా తిండి కావాలి

మన పాదు కొన్ని వారాలే పూస్తుంది. ఆ తరవాత ఈగ ఏం తింటుంది? నువ్వులు, కంది, పొద్దుతిరుగుడు పూసినప్పుడు తింటుంది. అవీ కొన్నాళ్లే. మిగతా రోజుల్లో గట్టు మీద పొదలు, వాగు ఒడ్డున చెట్లు, పొలం చుట్టూ కంప పూలు దాన్ని బతికిస్తాయి.

ఆ పొదలు కొట్టేస్తే ఈగకు తిండి లేదు, నీడ లేదు, పట్టు పెట్టే చోటు లేదు. అప్పుడు ఈగ వేరే చోటికి పోతుంది. మన పాదు పూసే రోజుకు రాదు.

మన ఊళ్లలో తేనెటీగలు చాలా రకాలు. పెద్ద చెట్ల కొమ్మలకు పెద్ద పట్టు పెట్టేవి కొన్ని. పొదల్లో అరచేయంత పట్టు పెట్టేవి కొన్ని. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండేవి కొన్ని. పట్టు పెట్టకుండా ఎండు కర్రలో బెజ్జం చేసుకుని ఉండే నల్ల తుమ్మెద కూడా పుప్పొడి మోస్తుంది. సీతాకోక చిలుకలూ కొంత మోస్తాయి.

ఇది లోకమంతా ఆలోచిస్తున్న సంగతి. ఐక్యరాజ్యసమితి మే 20ని ప్రపంచ తేనెటీగల దినంగా 2017లో ప్రకటించింది. 2018 నుంచి ఏటా ఆ రోజు జరుపుతున్నారు.

4. వావిలిని గుర్తుపట్టండి

వావిలి మన నేల మొక్క. తెలంగాణలో చాలా చోట్ల వాయిలి అంటారు. వాగు ఒడ్డున, కాలువ గట్టున, చెరువు కింద తడి నేలలో దానంతట అదే పెరుగుతుంది. వేరు తన్నుకున్నాక కొంత ఎండకూ ఓర్చుకుంటుంది.

ఆకు: ఒక కాడకు ఐదు ఆకులు, చేతి వేళ్లలా విచ్చుకుని ఉంటాయి. కొన్ని కాడలకు మూడే ఉంటాయి. ఆకు పైన పచ్చగా, కింద బూడిద తెలుపుగా ఉంటుంది. నలిపితే ఘాటైన వాసన వస్తుంది.

పువ్వు: చాలా చిన్నది. లేత నీలం, ఊదా కలిసిన రంగు. కొమ్మ చివర గుత్తులు గుత్తులుగా పూస్తుంది. వానలు పడ్డాక పూత బాగా వస్తుంది.

కాయ: మిరియం గింజంత. పండితే నల్లబడుతుంది.

ఎత్తు: మనిషి ఎత్తు దాటుతుంది. కొట్టకుండా వదిలేస్తే చిన్న చెట్టు అవుతుంది.

వావిలి అనే పేరు వేరే మొక్కలకూ ఉంది. అందుకే పేరు విని తెచ్చుకోవద్దు. ఆకు చూసి, నలిపి, వాసన చూసి తెచ్చుకోండి.

తడి నేలలో లొట్టపీసు కూడా పెరుగుతుంది. దానికి సన్నాయి మూతి లాంటి లేత గులాబీ పూలు పూస్తాయి. అది బయటి దేశం నుంచి వచ్చిన మొక్క. దాన్ని తింటే మేకలకూ, పశువులకూ విషం. కాలువలకు అడ్డం పడుతుంది. దాన్ని నాటవద్దు.

5. ఎలా నాటాలి?

వావిలికి విత్తనం కొనక్కర్లేదు. కొమ్మ ముక్క చాలు.

ఎప్పుడు: తొలకరి వానలు పడి నేల బాగా నానాక.

కొమ్మ: ముదురు కొమ్మ తీసుకోండి. చిటికెన వేలు లావు నుంచి బొటనవేలు లావు వరకు ఉండాలి. జానెడు పొడుగు ముక్కలు కోయండి. ఒక్కో ముక్కకు మూడు, నాలుగు కణుపులు ఉండాలి. కింది కొస ఏటవాలుగా కోయండి. అప్పుడు ఏది కింద, ఏది పైన అని తెలుస్తుంది. ఆకులు తీసేయండి. కోసిన రోజే నాటండి. ఆలస్యమైతే తడి గోనెలో చుట్టి నీడన పెట్టండి.

చోటు: నేల తడిగా ఉండాలి. నీళ్లు నిలిచే చోట మాత్రం నాటవద్దు. నీటి అంచుకు కొంచెం పైన, గట్టు మీద నాటండి. నేల మరీ బురదగా ఉంటే చుట్టూ మట్టి తీసి మూరెడు ఎత్తు కట్ట వేయండి. కట్ట మీద నాటండి. వేరు తనకు కావలసిన తడి కిందికి వెళ్లి తాగుతుంది.

నాటడం: ముక్కలో సగం పైన మట్టిలోకి పోవాలి. కనీసం రెండు కణుపులు మట్టిలో ఉండాలి. కాలితో చుట్టూ అదమండి. మూడు అడుగులకు ఒక చోట నాటండి. ఒక్కో చోట రెండు ముక్కలు పెట్టండి. ఒకటి పోయినా ఒకటి బతుకుతుంది.

కాపలా: వాన వెనకబడితే నీళ్లు పోయండి. గడ్డి కమ్మకుండా పీకండి. పశువులు వావిలాకును అంతగా ముట్టవు. కానీ లేత మొక్కను తొక్కుతాయి. అందుకని మొదటి ఏడు చుట్టూ కంప వేయండి.

బాగా నాటుకున్న మొక్క మరుసటి ఏటికి పూతకు వస్తుంది.

దొడ్డి లేని వాళ్లు ఏం చేయాలి? బోరింగు దగ్గర చూడండి. వృథా నీళ్లు పారి బురద అవుతుంది, దోమలు పెరుగుతాయి. ఆ నీళ్లకు చిన్న కాలువ తీయండి. కాలువ గట్టున వావిలి నాటండి. అయితే అది ఊరందరి చోటు. ముందు పంచాయతీకి చెప్పండి. కాలువ గట్టు అయితే అది ఎవరిదో వారిని అడగండి. చెప్పకుండా నాటితే రేపు ఎవరో ఒకరు పీకేస్తారు.

6. భయాలు ఉంటాయి, జవాబులూ ఉన్నాయి

కోడలు వావిలి నాటుదాం అంటే ఇంట్లో వెంటనే ఒప్పుకోలేదు.

"మళ్లీ పొదా? పాములు రావా?" అన్నాడు కొడుకు.

"పిల్లలను ఈగలు కుట్టవా?" అంది పక్కింటి వదిన.

ఇవి ఉత్త భయాలు కావు. దట్టంగా నేలకు ఆనుకున్న పొదలో ఎలుకలు చేరతాయి. ఎలుకల కోసం పాములు వస్తాయి. అందుకే పొదను వదిలేయకూడదు. మోకాటి ఎత్తు వరకు కింది కొమ్మలు కొట్టేయాలి. మొదట్లో చెత్త, ఎండుటాకు లేకుండా ఊడవాలి. కింద నేల కనపడుతూ ఉండాలి.

పువ్వు మీద తిరిగే ఈగ ఊరికే కుట్టదు. దాన్ని పట్టుకుంటే, పట్టును కదిలిస్తే కుడుతుంది. అందుకని నడిచే దారికి, పిల్లలు ఆడే చోటుకు దూరంగా నాటండి. పట్టు పెట్టినా పొగ పెట్టవద్దు, రాళ్లు వేయవద్దు. ఎవరినైనా ఈగ కుట్టాక ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కొమ్మలు కొట్టేటప్పుడు అన్నీ ఒకేసారి కొట్టవద్దు. పూత అయ్యాక సగం పొదలు కొట్టండి. మిగతా సగం మరుసటి ఏడు కొట్టండి. అప్పుడు ఈగకు ఎప్పుడూ ఎంతో కొంత పూత దొరుకుతుంది.

కొట్టిన కొమ్మ కూడా వృథా పోదు. ఆకు పొలంలో పచ్చిరొట్ట ఎరువు. ఎండుటాకు ధాన్యం గాదెలో వేస్తే పురుగు తగ్గుతుంది. సన్న కొమ్మలతో తట్టలు అల్లుతారు. బాలింత స్నానానికి ఆకు మన పెద్దల నాటి నుంచీ ఉన్నదే. వేరు గట్టు మట్టిని పట్టి ఉంచుతుంది. కానీ ఆకు రసం, కషాయం లోపలికి తాగడం మాత్రం డాక్టరును అడగకుండా చేయవద్దు.

7. మందు కొట్టేటప్పుడు ఆలోచించండి

ఒక చేత్తో పొద నాటి, ఇంకో చేత్తో ఈగను చంపితే లాభం లేదు.

పురుగు మందు పురుగునే కాదు, తేనెటీగనూ చంపుతుంది. పాదు పూత మీద ఉన్నప్పుడు వీలైనంత వరకు మందు కొట్టవద్దు. తప్పదనుకుంటే ఈగలు గూటికి పోయాక, సాయంత్రం కొట్టాలి. పూత మీద ఉన్న వావిలి పొద మీద మందు పడకూడదు. మందు డబ్బా, స్ప్రేయరు కాలువలో కడగవద్దు. ఈగలు ఆ నీళ్లే తాగుతాయి. పశువులూ అవే తాగుతాయి.

8. తరవాత ఏమయింది?

కోడలు పొరుగు ఊరి వాగు ఒడ్డు నుంచి కొమ్మలు తెచ్చింది. అత్త గట్టు మీద కట్ట వేసింది. "ఈసారి అడుగు నేను ఊడుస్తాను, నీ పాముల సంగతి నేను చూసుకుంటాను" అని కొడుకుతో చెప్పింది. కొడుకు ఇక అడ్డు చెప్పలేదు. కంప తెచ్చి చుట్టూ వేశాడు.

ఆ ఏడు ఇంకా పూత రాలేదు. అందుకని అత్తాకోడళ్లు తామే ఈగలయ్యారు. తెల్లవారగానే మగ పువ్వు తుంచేవారు. రేకులు తీసేవారు. పుప్పొడి ఉన్న నడిమి కాడను ఆడ పువ్వు మధ్య మెల్లగా రుద్దేవారు. ఒక మగ పువ్వు రెండు, మూడు ఆడ పూలకు సరిపోయేది. అలా చేసిన పిందెలు చాలావరకు నిలిచాయి. మీరూ ఇలా చేయవచ్చు. కానీ రోజూ తెల్లవారుజామున, పాదు పాదుకూ తిరగాలి. ఈగ అయితే ఆ పని కూలి అడగకుండా చేస్తుంది.

మరుసటి ఏడు వానలకు వావిలి పూసింది. గట్టు మీద మళ్లీ రొద మొదలయింది. ఒక పొద్దున కోడలు పలక తీసుకుని గుమ్మడి పాదు దగ్గర కూర్చుంది. ఎండ ఎక్కాక లేచి వచ్చి అత్తకు పలక చూపింది.

అత్తకు చదువు రాదు. కానీ గీతలు లెక్కపెట్టడం వచ్చు. వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తొమ్మిది.

ఆ ఏడు సంతకు గుమ్మడికాయలు వెళ్లాయి. అంతా వావిలి వల్లే అని అత్త అనదు. ఆ ఏడు నీళ్లు సరిగా పెట్టింది. పుచ్చు పిందెలు ఏరి పూడ్చింది. కానీ పాదుకు కట్టిన చింపిరి చేట మాత్రం తీసేసింది. మనవరాలి పుస్తకాలు అప్పు లేకుండా కొన్నది.

ఒక సాయంత్రం కోడలిని పిలిచింది. "అమ్మాయ్, ఆ తొమ్మిది అంకె ఎట్లా రాస్తారో చూపించు" అంది.

గుర్తుంచుకుందాం

ఈగ రాకపోతే పిందె నిలవదు.
ఈగకు ఏడాది పొడుగునా పూలు కావాలి.
తడి గట్టు పనికిరాని చోటు కాదు. వావిలికి అది మంచి చోటు.
పొద అడుగు శుభ్రంగా ఉంచాలి. కొమ్మలు సగం సగం కొట్టాలి.
పూత మీద మందు కొట్టకూడదు.

మాట్లాడుకుందాం

1. మీ ఊళ్లో వావిలి ఎక్కడ ఉంది? పదేళ్ల కింద ఎక్కడెక్కడ ఉండేది?
2. మీ ఊళ్లో తేనెపట్టు కనపడితే ఏం చేస్తారు? అది సరైనదేనా?
3. మీ ఊరి బోరింగు నీళ్లు ఎటు పోతున్నాయి? అక్కడ ఏం చేయవచ్చు?
4. మగ పువ్వును గొడ్డు పువ్వు అనడం ఎందుకు తప్పు?

లెక్క చేద్దాం

గట్టు పొడుగు 30 అడుగులు. మూడు అడుగులకు ఒక చోట వావిలి నాటాలి. 30ని 3తో భాగిస్తే 10. కానీ గట్టు మొదట్లో కూడా ఒక చోటు ఉంది. దాన్ని కలిపితే 11 చోట్లు. ఒక్కో చోట రెండు ముక్కలు. మొత్తం 22 ముక్కలు కావాలి.

మీ గట్టు పొడుగు 45 అడుగులు అయితే ఎన్ని ముక్కలు కావాలి? చేసి చూడండి.

రాద్దాం

ఈ మాటలు చూసి రాయండి: వావిలి, పుప్పొడి, పిందె, కణుపు, తేనెటీగ, పంచాయతీ.

రేపు తెల్లవారగానే మీ పాదు దగ్గర కూర్చోండి. ఈగ వాలినప్పుడల్లా ఒక గీత గీయండి. తేదీ వేయండి. ఎన్ని గీతలో అంకెలో రాయండి. ఆ కాగితం దాచిపెట్టండి. వచ్చే ఏడు మళ్లీ లెక్కపెట్టి, రెండూ పక్కపక్కన పెట్టి చదవండి.